కోణమానాల పరస్పర పరివర్తన: దబీర్‌పురా నేపథ్యంలో ఒక వివరణ

వ్యాససంగ్రహం:

జ్యోతిష సిద్ధాంతాలు, పంచాంగాలు, పారసీక ఖగోళ పట్టికలు, ఆంగ్లేయుల సర్వే పత్రాలు, నేటి డిజిటల్ పటాలు కోణాన్ని వేరువేరు మానాలలో చెబుతాయి. వీటిని చదివే తెలుగు పరిశోధకులు ఒక మానాన్ని మరొక మానంలోకి మార్చవలసిన సందర్భాలు తరచుగా ఎదురవుతాయి. అక్కడ జరిగే చిన్న పొరపాటు ఒక శాసనస్థలాన్ని పటంపై పాతిక కిలోమీటర్ల దూరానికి నెట్టివేయగలదు. హైదరాబాదు పాతనగరంలోని దబీర్‌పురాను ఉదాహరణగా తీసుకొని కోణమానాల పరివర్తన సూత్రాలను, వాటి వెనుక ఉన్న పదచరిత్రను, జాగ్రత్త వహించవలసిన అంశాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: అంశ, కల, లిప్త, రేడియన్, ఘడియ, దరజా, కిబ్లా, అక్షాంశం, దబీర్‌పురా, నిజామియా వేధశాల.

1. ఉపోద్ఘాతం:

'దబీర్' అనే పారసీక పదానికి లేఖకుడు, కార్యదర్శి అని అర్థం. హైదరాబాదు నగర ప్రాకారానికి ఒకప్పుడు ఉన్న పదమూడు దర్వాజాలలో నేటికి మిగిలినవి రెండే. వాటిలో ఒకటి పురానాపూల్ దర్వాజా కాగా రెండవది దబీర్‌పురా దర్వాజా. తెలుగు, ఉర్దూ, పారసీకం, ఆంగ్లం ఒకదాని పక్కన ఒకటి నడిచిన ఈ నగరంలో ఒకే విషయం పలు భాషలలో, పలు లిపులలో నమోదయింది. కొలతల విషయంలోనూ అదే జరిగింది.

భాషాంతరీకరణలో పదం మారినా అర్థం మారకూడదు. మానపరివర్తనలోనూ సంఖ్య మారినా కోణం మారకూడదు. ఈ నియమం వినడానికి తేలికగా తోచినా ఆచరణలో మూడు చోట్ల తప్పుతుంది. మొదటిది మానం పేరును సరిగా గుర్తించకపోవడం, రెండవది లెక్క ఎక్కడ మొదలవుతున్నదో చూడకపోవడం, మూడవది అరవైల లెక్కను పదుల లెక్కగా పొరబడడం. ఈ మూడింటినీ క్రమంగా పరిశీలించవలసి ఉంది.

2. ఒకే చక్రం - పలు విభజనలు:

కోణమానాలన్నింటికీ ఉమ్మడి ఆధారం పూర్ణచక్రం. ఒక రేఖ తన మొదటి స్థానానికి తిరిగి వచ్చేవరకు చేసే భ్రమణమే పూర్ణచక్రం. దీనిని ఎన్ని భాగాలు చేశారన్నదే మానాల మధ్య భేదం.

ఒక పూర్ణచక్రం:
- 12 రాశులు
- 27 నక్షత్రాలు (108 పాదాలు)
- 360 అంశలు లేదా డిగ్రీలు
- 400 గ్రేడులు
- 6400 మిల్లులు (సైనిక అవసరాలకు పలు దేశాలు వాడే లెక్క)
- 21,600 కలలు
- 12,96,000 వికలలు
- 2 పై రేడియన్లు, అనగా సుమారు 6.2832 రేడియన్లు

పాఠ్యపుస్తకాలలో డిగ్రీల లెక్కను షష్ట్యంశ పద్ధతి అనీ, గ్రేడుల లెక్కను శతాంశ పద్ధతి అనీ వ్యవహరిస్తారు. మొదటిదానిలో ప్రతి అంతస్తూ అరవై భాగాలుగా విడిపోతుంది. రెండవది ఫ్రెంచి విప్లవకాలంలో దశాంశ మానాలతో పాటు రూపుదిద్దుకున్నది. దానిలో లంబకోణం నూరు గ్రేడులు.

పై జాబితా నుండి ఏ రెండు మానాల మధ్యనైనా పరివర్తన సూత్రాన్ని రాబట్టవచ్చు. ఇచ్చిన సంఖ్యను దాని మానంలోని పూర్ణచక్ర విలువతో భాగించి, కావలసిన మానంలోని పూర్ణచక్ర విలువతో గుణించాలి. 30 డిగ్రీలను గ్రేడులలోకి మార్చాలంటే 30ని 360తో భాగించి 400తో గుణిస్తే 33.33 గ్రేడులు వస్తుంది. అదే కోణం ఒక రాశి, తొమ్మిది నక్షత్రపాదాలు, 1800 కలలు. విడివిడిగా సూత్రాలను కంఠస్థం చేయనవసరం లేదు. పూర్ణచక్రం విలువ తెలిస్తే చాలు.

నక్షత్రాల లెక్కలోనూ ఇదే పద్ధతి. 21,600 కలలను 27తో భాగిస్తే ఒక నక్షత్రానికి 800 కలలు, అనగా 13 డిగ్రీల 20 నిమిషాలు. అందులో నాలుగవ వంతు అయిన పాదం 200 కలలు. సిద్ధాంత గ్రంథాలు నక్షత్రాన్ని గణించేటప్పుడు గ్రహస్థానాన్ని ముందుగా కలలలోకి మార్చుకోవడానికి కారణం ఇదే. అంశలలో భిన్నంగా ఉన్నది కలలలో పూర్ణాంకమవుతుంది.

3. కల, లిప్త, దఖీఖా - పదాల పరిశీలన:

డిగ్రీలో అరవయ్యవ భాగానికి సిద్ధాంత పరిభాషలో కల, లిప్త అనే రెండు పేర్లున్నాయి. వీటిలో లిప్త శబ్దం గ్రీకు 'లెప్టోన్' నుండి సంస్కృత జ్యోతిష పరిభాషలోకి వచ్చినది. ఆ గ్రీకు పదానికి సన్ననిది, సూక్ష్మమైనది అని అర్థం. అరబ్బీ, పారసీక, ఉర్దూ గ్రంథాలలోని 'దఖీఖా' శబ్దానికీ మూలార్థం అదే. ఆంగ్లంలోని 'మినిట్'కు మూలమైన లాటిన్ పదం చిన్నదని చెబుతుంది. దఖీఖాలో అరవయ్యవ భాగం 'సానియా', అనగా రెండవది. ఆంగ్లంలోని 'సెకండ్' కూడా అట్లే రెండవమారు చేసిన విభజన అనే అర్థం నుండి వచ్చింది. మనవారు ఇదే అంతస్తును వికల, విలిప్త అన్నారు.

ఒక భావం ఇన్ని భాషలలో ఒకే తీరున పేరు పొందడం భాషాశాస్త్ర విద్యార్థులకు ఆసక్తి కలిగించే అంశం. గ్రంథపరిష్కర్తకు మాత్రం ఇక్కడ ఒక చిక్కు ఎదురవుతుంది. నేటి తెలుగులో 'లిప్త' కాలవాచకంగా స్థిరపడింది. 'లిప్తపాటు' అంటే రెప్పపాటు అనే అందరూ అర్థం చేసుకుంటారు. 'నిమిషం' కూడా వ్యవహారంలో కాలాన్నే స్ఫురింపజేస్తుంది. ఒక జ్యోతిష గ్రంథంలో 'ఇరువది లిప్తలు' అని ఉన్నప్పుడు దానిని కాలంగా తీసుకుంటే ఆ వాక్యం మొత్తం అర్థం తప్పుతుంది. అక్కడ చెప్పినది డిగ్రీలో మూడవ వంతు కోణం.

12వ శతాబ్దికి చెందిన మల్లికార్జున సూరి సూర్యసిద్ధాంతానికి తెలుగులో వ్యాఖ్య రచించాడు. అంతకు మునుపే, 11వ శతాబ్దిలో, పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితసారసంగ్రహాన్ని తెనిగించాడు. తెలుగులో గణితపరిభాష ఇంత పాతది. అటువంటి గ్రంథాలను పరిష్కరించేవారు ఒక పదం కోణవాచకమా, కాలవాచకమా అన్నది సందర్భాన్ని బట్టి నిర్ణయించి, ఆధునిక మానంలో విలువను అధస్సూచికలో చూపడం అవసరం.

4. 3438 - కలలలో దాగిన రేడియన్:

రేడియన్ అనే పేరు 1873లో బెల్ఫాస్ట్‌లోని క్వీన్స్ కాలేజీలో జేమ్స్ థామ్సన్ రూపొందించిన ప్రశ్నపత్రంలో తొలిసారి ముద్రితమైనట్లు గుర్తించారు. వృత్త వ్యాసార్ధానికి సమానమైన చాపం కేంద్రం వద్ద చేసే కోణం ఒక రేడియన్. దాని విలువ సుమారు 57.2958 డిగ్రీలు. కలలలో అయితే సుమారు 3437.75.

పేరు కొత్తదైనా భావం పాతది. ఆర్యభటుని జ్యాపట్టికలో 225 కలల అంతరంతో ఇరవై నాలుగు జ్యాలు ఉన్నాయి. వాటిలో చివరిది 3438. ఇది ఆ వృత్తపు వ్యాసార్ధం. వృత్తపరిధిని 21,600 కలలుగా తీసుకొని, అదే కల పొడవుతో వ్యాసార్ధాన్ని కొలిస్తే వచ్చే సంఖ్య ఇది. అనగా 21,600ని రెండు పైలతో భాగించగా వచ్చే 3437.75ను పూర్ణాంకం చేస్తే 3438 అవుతుంది. చాపాన్నీ వ్యాసార్ధాన్నీ ఒకే మానంతో కొలవడమే రేడియన్ భావానికి ప్రాణం.

ఇందువల్ల రెండు ప్రయోజనాలు సిద్ధిస్తాయి. ప్రాచీన జ్యాను ఆధునిక 'సైన్' విలువలోకి మార్చాలంటే 3438తో భాగిస్తే సరిపోతుంది. 30 డిగ్రీల జ్యా 1719. దానిని 3438తో భాగిస్తే సరిగ్గా సగం వస్తుంది. కలలను రేడియన్లలోకి మార్చడానికి కూడా ఇదే భాజకం. దబీర్‌పురా అక్షాంశం సుమారు 17 డిగ్రీల 22 నిమిషాలు, అనగా 1042 కలలు. దానిని 3437.75తో భాగిస్తే 0.3031 రేడియన్లు. పట్టికలోని మొదటి జ్యా 225, దాని చాపమూ 225 కలలే కావడం యాదృచ్ఛికం కాదు. కోణం చిన్నదైనప్పుడు జ్యా, చాపం దాదాపు సమానమవుతాయి. రెండూ ఒకే మానంలో ఉన్నప్పుడే ఈ సమానత కంటికి కనబడుతుంది.

5. ఘడియలు, ప్రాణాలు - కాలంగా మారే కోణం:

ఆకాశం ఒక దినంలో ఒక పూర్ణచక్రం తిరుగుతున్నట్లు కనబడుతుంది. ఆ చక్రాన్ని 60 ఘడియలుగా విభజిస్తే ఒక ఘడియకు 6 డిగ్రీల భ్రమణం. ఘడియలో అరవయ్యవ భాగమైన విఘడియకు 6 కలలు. విఘడియలో ఆరవ భాగం ప్రాణం. దానికి సరిగ్గా ఒక కల. దినానికి 21,600 ప్రాణాలు, చక్రానికి 21,600 కలలు ఉండటం ఈ అమరికలోని విశేషం. నేటి గడియారం లెక్కన ప్రాణం సుమారు 4 సెకన్లు.

ఈ సంబంధం పంచాంగాన్ని స్థానికకాలానికి సరిచేయడంలో నేటికీ ఉపయోగపడుతుంది. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన రేఖాంశం 82 డిగ్రీల 30 నిమిషాలు. దబీర్‌పురా రేఖాంశం సుమారు 78 డిగ్రీల 29 నిమిషాలు. రెండింటి భేదం 4 డిగ్రీల 1 నిమిషం, అనగా 241 కలలు. కలకు ఒక ప్రాణం కనుక 241 ప్రాణాలు, లేదా 40 విఘడియల ఒక ప్రాణం. గడియారం ప్రకారం 16 నిమిషాల 4 సెకన్లు. గడియారంలో పన్నెండు గంటలైనప్పుడు దబీర్‌పురాలో స్థానిక మధ్యమకాలం పదకొండు గంటల నలభై నాలుగు నిమిషాలు మాత్రమే.

తిథి విషయంలో మరొక జాగ్రత్త అవసరం. తిథి అంటే చంద్రసూర్యుల మధ్య ఏర్పడే 12 డిగ్రీల అంతరం. అది కోణమే కాని కాలం కాదు. చంద్రసూర్యుల గతులు నిలకడగా ఉండవు గనుక ఆ 12 డిగ్రీలు పూర్తికావడానికి పట్టే సమయం మారుతూ ఉంటుంది. ఘడియలకు డిగ్రీలతో ఉన్న స్థిరసంబంధం తిథులకు లేదు. శాసనాల తేదీలను నిర్ణయించేవారు తిథిని 24 గంటల దినంగా భావిస్తే వారం తప్పిపోయే అవకాశం ఉంది.

6. మానం వేరు, మూలరేఖ వేరు:

కోణాన్ని చెప్పడానికి మానం ఒక్కటే చాలదు. ఎక్కడినుండి, ఏ వైపుగా కొలిచారో కూడా తెలియాలి. దీనికి కిబ్లా దిశ తగిన ఉదాహరణ. దబీర్‌పురా నుండి మక్కా దిశను గోళీయ త్రికోణమితి ద్వారా గణిస్తే ఉత్తరం నుండి పడమర వైపు సుమారు 77 డిగ్రీల 15 నిమిషాలు వస్తుంది. అనగా నేరుగా పడమర కాక, పడమర నుండి ఉత్తరానికి 12 డిగ్రీల 45 నిమిషాల మేర ఒరిగి ఉంటుంది. ఇస్లామీయ ఖగోళ గ్రంథాలు కిబ్లా 'ఇన్హిరాఫ్'ను ఉత్తరదక్షిణ రేఖ నుండి లెక్కిస్తాయి. నేటి దిక్సూచి పద్ధతిలో ఉత్తరం నుండి తూర్పు మీదుగా చుట్టూ కొలుస్తారు. అప్పుడు అదే దిశ 282 డిగ్రీల 45 నిమిషాలు అవుతుంది.

77.25, 12.75, 282.75 అనే ఈ మూడు సంఖ్యలూ డిగ్రీలే. మూడూ ఒకే దిశను సూచిస్తాయి. మానం మారలేదు, మూలరేఖ మారింది. ఇక 282.75 డిగ్రీలను మూలం మార్చకుండా వివిధ మానాలలోకి మారిస్తే ఫలితాలు ఇట్లా ఉంటాయి: 314.17 గ్రేడులు, 5026.7 మిల్లులు, 4.935 రేడియన్లు, 16,965 కలలు. పారసీక పట్టికల తీరున బుర్జ్, దరజా, దఖీఖాలుగా రాస్తే 9 బుర్జులు, 12 దరజాలు, 45 దఖీఖాలు. మన సిద్ధాంతాల తీరున 9 రాశులు, 12 అంశలు, 45 కలలు. చివరి రెండింటిలో మారినవి పేర్లు మాత్రమే.

ఈ రెండు రకాల మార్పులను కలగాపులగం చేస్తే ఫలితం తారుమారవుతుంది. సాయన, నిరయన పద్ధతుల మధ్య నేడు సుమారు 24 డిగ్రీల భేదం ఉంది. అది మానభేదం కాదు, మూలబిందు భేదం. దానిని గుణకంతో కాక కూడిక, తీసివేతలతో సరిచేయాలి. పాత ఫ్రెంచి పటాలలో రెండూ ఒకేసారి ఎదురవుతాయి. వాటిలోని రేఖాంశాలు గ్రేడులలో ఉంటాయి, పైగా పారిస్ నుండి మొదలవుతాయి. ముందుగా గ్రేడులను డిగ్రీలుగా మార్చి, ఆపైన పారిస్‌కూ గ్రీన్విచ్‌కూ గల సుమారు 2 డిగ్రీల 20 నిమిషాల భేదాన్ని కలపాలి. పాత భారతీయ సర్వే పటాలు మద్రాసు వేధశాల రేఖాంశంపై ఆధారపడ్డాయి. ఆ రేఖాంశం విలువను తర్వాతి కాలంలో సవరించినందున పాతపటాలలోని రేఖాంశాలను సుమారు రెండున్నర నిమిషాల మేర తగ్గించవలసి వచ్చింది. హైదరాబాదు అక్షాంశం వద్ద అది నాలుగు కిలోమీటర్లకు మించిన దూరం.

7. దశాంశ బిందువు వద్ద జరిగే పొరపాటు:

శాసనాలు, స్థలనామాలు, మాండలికాలు వంటి అంశాలపై జరిగే పరిశోధనలలో నేడు ప్రదేశాలను డిజిటల్ పటాలపై గుర్తించడం పరిపాటి అయింది. పాత గెజిటీర్లలో అక్షాంశరేఖాంశాలు డిగ్రీలు, నిమిషాలలో ఉంటాయి. డిజిటల్ పటాలు దశాంశ డిగ్రీలను అడుగుతాయి. 17 డిగ్రీల 22 నిమిషాలను 17.22 అని నమోదు చేయడం ఇక్కడ తరచుగా జరగగల తప్పు. నిమిషాలను 60తో భాగించాలి. 22ను 60తో భాగిస్తే 0.367. కనుక సరియైన విలువ 17.367. అట్లే 78 డిగ్రీల 29 నిమిషాలు 78.483 అవుతుంది కాని 78.29 కాదు.

ఈ తప్పు పరిమాణం ఎంత? అక్షాంశంలో 0.147 డిగ్రీల భేదం ఉత్తరదక్షిణాలుగా సుమారు 16 కిలోమీటర్లు. రేఖాంశంలో 0.193 డిగ్రీల భేదం ఈ అక్షాంశం వద్ద తూర్పుపడమరలుగా సుమారు 20 కిలోమీటర్లు. రెండూ కలిసి దబీర్‌పురాను నైరుతి దిశగా సుమారు 26 కిలోమీటర్లు జరుపుతాయి. పాతనగరపు దర్వాజా శంషాబాద్ విమానాశ్రయానికి ఇంకా పడమరగా వెళ్లి కూర్చుంటుంది. ప్రసిద్ధ స్థలం కనుక ఈ తప్పు వెంటనే బయటపడుతుంది. అంతగా తెలియని ఒక గ్రామంలోని శాసనం విషయంలో ఇదే జరిగితే ఎవరూ గుర్తించకపోవచ్చు. ఆ పటం ఆధారంగా గీసిన రాజ్యసరిహద్దు గాని మాండలిక రేఖ గాని తప్పుగానే నిలిచిపోతుంది.

దీనిని పసిగట్టడానికి ఒక సులభమైన గుర్తు ఉంది. ఒక పట్టికలోని అక్షాంశాలన్నింటిలో దశాంశ బిందువు తర్వాతి రెండంకెలు ఎక్కడా 59ని మించకపోతే, అవి దశాంశాలు కాక నిమిషాలై ఉండవచ్చునని అనుమానించాలి.

8. భూమిపై ఒక సెకను, ఫలకంపై ఒక నిమిషం:

కోణంలో సూక్ష్మభేదం ఎంత విలువైనదో దక్కన్ సర్వే చరిత్ర తెలుపుతుంది. విలియం లాంబ్టన్ ఆరంభించిన మహా త్రికోణమితీయ సర్వే నిజాం రాజ్యం మీదుగా సాగింది. 1815లో బీదరు వద్ద ఆధారరేఖను కొలిచారు. బీదరుకు చేరువలోని దామర్గిడా, ఆ తర్వాత జార్జి ఎవరెస్టు ఉత్తరాదికి కొనసాగించిన రేఖాంశ చాపానికి ఒక ముఖ్యస్థానం. ఆ చాపంలోని ఉత్తరభాగమైన కల్యాణ్‌పూర్, కల్యాణా స్థానాల మధ్య అక్షాంశభేదాన్ని నక్షత్రాల ద్వారా ఒకమారు, భూమిపై త్రికోణాల ద్వారా మరొకమారు లెక్కించగా రెండింటికీ 5.236 సెకన్ల తేడా వచ్చింది. సెకనును రేడియన్‌లోకి మార్చి భూవ్యాసార్ధంతో గుణిస్తే సుమారు 31 మీటర్లు వస్తుంది. అంటే ఆ తేడా భూమిపై దాదాపు 160 మీటర్లు. హిమాలయాల ఆకర్షణ వల్ల లంబసూత్రం ఒరగడం గురించి జాన్ హెన్రీ ప్రాట్ చేసిన చర్చకు, పర్వతాల కింది భూపటలం ఎట్లా సమతౌల్యంలో ఉన్నదన్న సిద్ధాంతానికి ఈ అయిదు సెకన్లే దారితీశాయి. అది మానపరివర్తనలో దొర్లిన తప్పు కాదని నిశ్చయంగా తెలియడం వల్లనే దానికి భౌతిక కారణాన్ని వెదకడం సాధ్యమయింది.

హైదరాబాదు పాతనగర ప్రాంతంలోని ఫిసల్‌బండలో నవాబు జఫర్ జంగ్ 1901లో ఆరంభించిన వేధశాల తర్వాత నిజాం ప్రభుత్వం చేతికి వచ్చి బేగంపేట ప్రాంతానికి తరలింది. నిజామియా వేధశాల అంతర్జాతీయ నక్షత్రపట పథకంలో పాల్గొని తన వంతు నక్షత్రస్థానాలను పన్నెండు సంపుటాలుగా ప్రకటించింది. ఈ కృషిలో ఎక్కువ భాగం టి.పి. భాస్కరన్ సంచాలకత్వంలో సాగింది.

ఆ పథకం నిర్దేశించిన ప్రమాణం ప్రకారం ఛాయాఫలకంపై ఒక మిల్లీమీటరు ఆకాశంలో ఒక నిమిషానికి, అనగా ఒక కలకు, సమానం కావాలి. అందుకు దూరదర్శిని నాభ్యంతరం ఎంత ఉండాలి? ఫలకంపై పొడవు నాభ్యంతరాన్ని రేడియన్లలోని కోణంతో గుణించగా వస్తుంది. ఒక కల అంటే రేడియన్‌లో 3437.75వ భాగం. కనుక నాభ్యంతరం సుమారు 3438 మిల్లీమీటర్లు, అనగా మూడు మీటర్ల నలభై నాలుగు సెంటీమీటర్లకు కాస్త లోపు ఉండాలి. ఆర్యభటుని వృత్తానికి కలలలో ఉన్న వ్యాసార్ధమే ఇక్కడ మిల్లీమీటర్లలో కనబడుతున్నది. ఇది ఒకరినుండి మరొకరు గ్రహించినది కాదు. కలనే పొడవుకు మానంగా తీసుకున్న ప్రతిచోటా ఆ సంఖ్య రాక తప్పదు.

9. ముగింపు:

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంగా ఆరంభమైనప్పుడు హైదరాబాదు రాజ్యంలోని తెలుగు విద్యార్థులు దరజా, దఖీఖాలతో కోణాలను నేర్చుకున్నారు. 1968లో తెలుగు అకాడమి ఏర్పడిన తరువాతి తరాలు డిగ్రీ, నిమిషం, రేడియన్ అనే పదాలతో తెలుగులోనే చదువుకున్నాయి. పంచాంగకర్తలు అంశ, కలలను విడువలేదు. ఈ మూడు పరిభాషల మధ్య రాకపోకలు సాగించగలిగితేనే ఈ ప్రాంతపు విజ్ఞానచరిత్ర పూర్తిగా అర్థమవుతుంది. పై వివరణ నుండి ఈ క్రింది అంశాలను గ్రహించవచ్చు.

1. ఏ కోణమానాన్నైనా పూర్ణచక్రం ద్వారా మరొక మానంలోకి మార్చవచ్చు.
2. లిప్త, నిమిషం వంటి పదాలు కోణాన్ని తెలుపుతున్నాయో, కాలాన్ని తెలుపుతున్నాయో ముందుగా నిర్ణయించుకోవాలి.
3. మానభేదాన్ని గుణకంతోను, మూలరేఖా భేదాన్ని కూడిక, తీసివేతలతోను సవరించాలి. రెండింటినీ విడివిడిగా చేయాలి.
4. నిమిషాలను దశాంశాలుగా రాసేటప్పుడు అరవైతో భాగించడం మరువరాదు.
5. పరిష్కరణలలో మూలగ్రంథంలోని మానాన్ని యథాతథంగా ఉంచి, ఆధునిక విలువను వేరుగా చూపాలి. మూలాన్ని తొలగించి కొత్త సంఖ్యను మాత్రమే ఇస్తే, పరివర్తనలో తప్పు జరిగినా దానిని సరిదిద్దే ఆధారం తర్వాతి పాఠకునికి మిగలదు.